పిట్టల లెక్కకు పట్నం బృందాలు – చెరువు ఏమవుతుందోనని పల్లెల్లో అనుమానాలు

నల్లగొండ (మా గ్రామీణ విలేఖరి): సంక్రాంతికి కాస్త ముందూ వెనుకా మన ప్రాంతపు చెరువు కట్టల మీద కొత్త మొహాలు కనబడడం కొన్నేళ్లుగా మామూలయింది. తెల్లవారకముందే హైద్రాబాదు నుంచి కార్లలో దిగుతారు. మెడలో దుర్భిణీ, చేతిలో నోటుపుస్తకం, ఒకరిద్దరి భుజాన మూడు కాళ్ల స్టాండు. గట్టిగా మాట్లాడరు. కట్ట పొడుగునా నడుస్తూ నీళ్ల వైపు చూసి ఏదో రాసుకుంటారు. ఎండ ముదిరే వేళకు వెళ్ళిపోతారు.

వీరిని చూసి ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతే సర్వేవాళ్లని కొందరు, చేపల వేలానికి వచ్చిన కంట్రాక్టర్లని మరికొందరు అనుకోవడం కద్దు. తాము పిట్టలను లెక్కపెట్టడానికి వచ్చామని వారు చెబితే నవ్వేవారూ లేకపోలేదు. పిట్టల్ని లెక్కపెడితే ఎవరికేం ఒరుగుతుందని అడిగే రైతు ప్రశ్న మాత్రం నవ్వి తోసెయ్యవలసింది కాదు. లెక్క తేలిన తర్వాత చెరువు మన చేతిలో వుంటుందా, అభయారణ్యం పేరిట చేజారిపోతుందా అన్న భయం ఆ ప్రశ్న వెనుక వున్నది. కొల్లేరు సంగతి పేపర్లలో చదివినవారికి ఆ భయం మరీ ఎక్కువ.

ఈ లెక్క నిన్నమొన్నటిది కాదు

ఆసియా నీటి పక్షుల గణన పేరుతో ఈ కార్యక్రమం 1987లో మొదలైంది. ఏటా జనవరిలో, ముఖ్యంగా రెండు మూడు వారాల్లో, అనేక దేశాల్లో ఒకే కాలంలో జరుగుతుంది. జనవరినే ఎంచుకోవడానికి కారణం వుంది. ఉత్తరాది నుంచి వచ్చే పక్షులు ఆ నెలలో దారిలో వుండవు. చేరవలసిన చెరువుకు చేరి స్థిమితంగా మేస్తుంటాయి. ఒక చెరువులో కనబడిన మంద మరునాడు ఇంకో చెరువులో మళ్లీ లెక్కకెక్కే ప్రమాదం తక్కువ.

లెక్కపెట్టే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. గొర్రెల మంద దాటేటప్పుడు కాపరి ఎలా లెక్క కడతాడో దాదాపు అలాగే. ముందు పదింటిని చూసి కంటికి కొలత పట్టుకుంటారు. ఆ కొలతతో మందలో ఎన్ని పదులున్నాయో, మరీ పెద్ద మందయితే ఎన్ని వందలున్నాయో అంచనా వేస్తారు. ఒక్క ఏటి లెక్కను బట్టి ఏమీ చెప్పలేం. అదే చెరువును అదే నెలలో ఇరవై ఏళ్లు లెక్కిస్తే అప్పుడది ఒక కథ చెబుతుంది.

అంతకు ముందు కూడా మన గడ్డ మీద పక్షుల సర్వే జరిగింది. నిజాం సర్కారు కాలంలో, 1931–32లో, సలీం అలీ హైద్రాబాదు సంస్థానమంతా తిరిగి పక్షులను నమోదు చేశారు. ఆ పనిలో ఆయన మన పాలమూరు జిల్లా అమ్రాబాద్ గుట్టల్లో మన్ననూరు, ఫరహాబాద్‌ల దగ్గర కూడా మకాం వేశారు. ఆ వివరాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. తర్వాత 1980లో హైద్రాబాదులో పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. ఇప్పుడది దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తున్నది. 1989లో రాష్ట్ర పక్షుల జాబితా ఒకటి వెలువడింది. కాని ఇవన్నీ ఇంగ్లీషులోనే రావడంతో ఏ చెరువు గురించి రాశారో ఆ చెరువు కింది రైతుకు అందలేదు.

సైబీరియా పేరు ఒకరిది, రాక మరొకరిది

చలికాలం వచ్చిందంటే తెలుగు పత్రికలలో సైబీరియా కొంగలు వచ్చాయన్న వార్త తప్పదు. పక్కన వేసే బొమ్మలో పసుపుపచ్చ ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు వున్న పెద్ద కొంగ వుంటుంది. ఆ కొంగకూ సైబీరియాకూ ఏ సంబంధమూ లేదు. అది మన దేశపు పక్షే. నీళ్లూ చేపలూ వున్న చోటికి ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు మారుతూ, చింతచెట్ల మీదా తుమ్మల మీదా గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తుంది. అనంతపురం వైపు వీరాపురంలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊళ్లో చెట్ల మీద గూళ్లు పెట్టేవి ఇవే. నత్తగుల్లలను తినే కొంగ, గూడబాతు కూడా ఆ కోవలోవే. వలస అంటే ఏమిటో పాలమూరు జనానికి ఒకరు చెప్పనక్కరలేదు గాని, బొంబాయికి పోయే వలస వేరు, పక్క తాలూకా కోతలకు పోయే వలస వేరు. ఈ కొంగలది రెండో రకం.

నిజంగా ఉత్తర సైబీరియా నుంచి వచ్చే చుట్టాన్ని ఎవరూ పట్టించుకోరు. చెరువు అంచున బురదలో గబగబా నడుస్తూ ముక్కుతో పొడుచుకుతినే చిన్న బూడిదరంగు ఉల్లంకి పిట్టలు వుంటాయి. వాటిలో అన్నిటికన్నా చిన్న రకం పాతిక ముప్పయి గ్రాములకు మించి తూగదు. అంటే కోడిగుడ్డులో సుమారు సగం. ధ్రువ ప్రాంతపు మంచు మైదానాలలో పుట్టి, వేల మైళ్లు ఎగిరి మన కుంటకు చేరేది ఆ ప్రాణి.

ఇక బాతుల్లో తల మీద రెండు నల్లచారలున్న పెద్ద బాతు ముఖ్యమైనది. మంగోలియా, టిబెట్టు, లడఖ్‌లలో గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి దక్షిణాదికి వస్తుంది. సముద్రమట్టానికి ఏడు వేల మీటర్లకు పైన ఎగరగా పరికరాలలో నమోదైన పక్షి ఇది. మంగోలియాలో మెడకు పట్టీ వేసి వదిలిన ఈ బాతులు కర్ణాటక, తమిళనాడు చెరువుల్లో కనబడ్డాయి. మన పూర్వ కవులు జంట బాసిన ప్రేమకు గుర్తుగా చెప్పిన చక్రవాకం కూడా ఇలా వచ్చే బాతే. తోక సూదిలా సాగిన బాతు, గరిటెలాంటి ముక్కున్న బాతు అదే కాలంలో వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అన్నీ తిరుగుముఖం పడతాయి.

జానెడు నీళ్లలోనే అసలు సంగతి

చెరువు నిండా నీళ్లుంటే పక్షులు ఎక్కువ వస్తాయని మనం అనుకుంటాం. వాస్తవం వేరు. ఉల్లంకి పిట్టకు రెండు మూడు అంగుళాల నీళ్లు చాలు. అడుగున గడ్డీ గింజా వెతుక్కునే బాతుకు జానెడు లేక అడుగు లోతు కావాలి. కొంగకు మోకాటి లోతు. ఆపైన లోతు నీళ్లు నీటికాకికీ, మునిగి ఈదే కొన్ని బాతులకే పనికివస్తాయి.

వానలకు నిండి, యాసంగిలో తూము తెరిస్తే మెల్లగా తగ్గే పాత చెరువులో ఈ లోతులన్నీ వరుసగా దొరికేవి. డిసెంబరు నుంచి నీరు వెనక్కి జరిగిన కొద్దీ శిఖంలో రోజూ ఒక కొత్త బురద అంచు బయటపడేది. పక్షులు ఆ అంచు వెంటే మేసేవి. ఊరి పశువులూ అక్కడే మేసేవి.

పదేళ్ల లోపున ఈ పద్ధతి చాలా చోట్ల మారింది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలను బాగుచేయాలని తలపెట్టారు. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, మట్టిని రైతులు తమ చేలకు తోలుకున్నారు. కల్వకుర్తి ఎత్తిపోతల వచ్చాక నాగర్‌కర్నూలు, వనపర్తి వైపు ఎన్నో చెరువులకు కృష్ణ నీళ్లు అందుతున్నాయి. నల్లగొండ వైపు ఎలిమినేటి మాధవరెడ్డి కాలువ ఆ పనే చేస్తున్నది. కందూరు చోడుల నాటి పానగల్లు ఉదయసముద్రం ఇప్పుడు ఆ కాలువకు బాలెన్సింగ్ రిజర్వాయరు. ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన ఊళ్లకు ఆ నీళ్లే మంచినీళ్లయ్యాయి. బోరు ఎండి అప్పుల పాలయిన రైతును చూసినవారెవరూ ఈ పనులను తప్పు పట్టరు. పిట్టల కోసం చెరువు ఎండబెట్టండని ఎవరైనా చెబితే వినకూడదు కూడా.

అయితే పని జరిగిన తీరులో ఒక లోపం వుంది. పూడిక తీసేటప్పుడు శిఖమంతా పైపైన గీకడానికి బదులు, యంత్రానికి వీలయిన చోట నిలువు గోతులు తవ్విన చెరువులు కనబడుతున్నాయి. గట్టు నుంచి అడుగు వేస్తే మనిషి మునిగే లోతు. అలాంటి చోట పక్షి నిలబడలేదు. దూడ జారితే పైకి రాదు. పిల్లలు ఈతకు దిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మరోవైపు లోతు తక్కువగా వుండే శిఖం భాగాన్ని ఏటేటా కొంచెం కొంచెంగా దున్నుకుని వరి వేస్తున్నారు. అంటే లోతున్న చోట గొయ్యి, లోతు లేని చోట పొలం. మధ్యలో వుండవలసిన జానెడు నీళ్ల అంచు రెండు వైపుల నుంచీ తరుగుతున్నది. పట్నం బృందాలు బాతులు తగ్గాయని రాసుకుపోయే చెరువులలో మొదట చూడవలసింది ఈ అంచునే.

శిఖంలోని నల్లతుమ్మల సంగతి కూడా చెప్పుకోవాలి. కట్ట మీది సర్కారుతుమ్మ తీసెయ్యడం అవసరమే, దాని వేళ్లు కట్టను గుల్ల చేస్తాయి. కాని అదే టెండరులో నీళ్ల మధ్య నిలబడ్డ నల్లతుమ్మలనూ నరికేస్తే కొంగలకు గూడు కట్టే చోటు పోతుంది. నీళ్ల నడుమ చెట్టునే అవి కోరుకుంటాయి. పిల్లీ కుక్కా అక్కడికి రాలేవు మరి.

చేపలవారి గోడు

పక్షులంటే మత్స్యకారులకు ఎందుకు గిట్టదో పట్నంవారు అర్థం చేసుకోవలసి వుంది. 2016–17లో మొదలైన ఉచిత చేప పిల్లల పంపిణీలో, వానలతో నిండి తర్వాత ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లను, ఏడాదంతా నీరుండే వాటికి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లను నిర్ణయించారు. మొదటిది బొటనవేలి కణుపంత. బొచ్చె అయినా రవ్వ అయినా ఆ సైజులో నీటికాకికి ఒక్క గుటక. పిల్ల వదిలిన కొద్ది వారాలకే చలికాలం మొదలై నీటికాకులు బారులు తీరుతాయి. సొసైటీ సభ్యుడికి ఏడాది పొడుగునా వుండే ఆశ అదొక్కటే. అందుకని టపాకులు కాలుస్తారు, డబ్బాలు మోగిస్తారు. పక్షులు లేచి పక్క ఊరి చెరువులో వాలతాయి, మర్నాటికి తిరిగి వస్తాయి. టపాకుల ఖర్చు మిగులుతుంది.

ఇందులో చెయ్యదగిన పనులు లేకపోలేదు. వేలెడు పొడుగు పెరిగిన పిల్లను మింగడం చిన్న నీటికాకికి కష్టం కనుక, పిల్లను కొన్నాళ్లు చిన్న కుంటలో వల కింద పెంచి తర్వాత చెరువులో వదలడం ఒకటి. అంతా ఒకే తూము దగ్గర కుమ్మరించకుండా, సాయంత్రం పూట నాలుగైదు చోట్ల వదలడం మరొకటి. చెరువులో అక్కడక్కడ తుమ్మకంప వేస్తే చేపపిల్లకు దాగే చోటు దొరుకుతుంది, రాత్రి దొంగవల వేసేవాడికీ అది అడ్డే. వల లాగేటప్పుడు కంప తీసుకోవడం కొంత శ్రమ అన్నది నిజం. పెద్ద సైజు పిల్లకు ఖర్చు ఎక్కువ అన్నదీ నిజం. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది మత్స్యశాఖ తేల్చవలసిన విషయం. పక్షుల సంఘాలు కూడా దుర్భిణీలు సర్దుకుని పోకుండా ఆ శాఖకు ఒక ఉత్తరం రాస్తే బాగుంటుంది.

ఇంకో మాట. చెరువు గట్టున పారేసిన తెగిన తంగూసు వలలు చాలా చోట్ల కనబడతాయి. కాళ్లకు చుట్టుకుంటే కొంగ అక్కడే చస్తుంది. అదే తంగూసు మేకపిల్ల కాలికీ చుట్టుకుంటుంది. దాన్ని పోగుచేసి కాల్చెయ్యకుండా పాతసామానువాడికి వెయ్యడం పెద్ద పనేమీ కాదు.

వేట సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఈ పక్షులను పట్టడం, చంపడం, అమ్మడం నేరం. 2022 సవరణ తర్వాత మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ పడవచ్చు. గుళికల మందు కలిపిన వడ్లు చల్లి బాతులను పట్టేవారు ఎక్కడున్నా, వారు అమ్మే మాంసంలో ఆ మందు వుంటుందని కొనేవారు గ్రహించాలి. చట్టం సంగతి అటుంచి కడుపు సంగతి చూసుకోవాలి.

చట్టంలో మన చెరువుకు పేరు లేదు

అసలు చిక్కు ఇక్కడ వున్నది. చిత్తడి నేలల రక్షణకు కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. అయితే సాగునీటికోసం, తాగునీటికోసం మనిషి ప్రత్యేకంగా కట్టిన జలాశయాలను ఆ నిర్వచనం నుంచి తప్పించింది. వరి పొలాలనూ తప్పించింది. మన రెండు పాత జిల్లాల్లో సహజంగా పుట్టిన సరస్సు ఏదని వెతికితే దొరకడం కష్టం. కోయిల్‌సాగర్ అయినా, వనపర్తి సంస్థానపు శ్రీరంగాపురం రంగసముద్రం అయినా, సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు అయినా, ఊరి వెనుక పేరులేని కుంట అయినా అన్నీ మనిషి సాగుకు కట్టుకున్నవే. కనుక ఆ నియమాల దృష్టిలో పక్షులున్న మన చెరువు చిత్తడి నేల కాదు. రైతుకు ఇది ఒక రకంగా ఊరట కావచ్చు. శిఖాన్ని ప్లాట్లు చేసే రియలెస్టేటువారికి మాత్రం అంతకన్నా పెద్ద ఊరట.

కొల్లేరు భయం నిరాధారం కాదు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది రామ్సర్ అంతర్జాతీయ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. బడా ఆసాములతోపాటు చిన్నవారూ నష్టపోయారు. అయితే అక్కడ ముందు వేల ఎకరాల సరస్సును గట్లు కట్టి చేపల చెరువులుగా మార్చడం జరిగింది. మన ఊరి చెరువు కథ అది కాదు.

మనకు దగ్గరి పోలిక కర్ణాటకలో వుంది. గదగ్ జిల్లా మాగడి చెరువు సుమారు 50 హెక్టార్లది, వాననీటిని సాగుకు నిలవ చేయడానికి కట్టినది. మనలాంటి మెట్ట ప్రాంతమే. అక్కడికి ఏటా సగటున 8 వేల దాకా చారల తల బాతులు వస్తాయి. విజయనగర జిల్లా అంకసముద్రం కూడా ఊరి సాగు చెరువే. తుమ్మచెట్లతో నిండిన ఆ చెరువు వంద హెక్టార్లకు కాస్త తక్కువ. ఈ రెండింటినీ అక్కడి ప్రభుత్వం కన్జర్వేషన్ రిజర్వులుగా ప్రకటించింది. 2024 ఆరంభంలో రెండూ రామ్సర్ జాబితాలో చేరాయి. ఇలాంటి రిజర్వును స్థానిక ప్రజలతో సంప్రదించిన తర్వాతే ప్రకటించాలని, దాని కమిటీలో గ్రామ పంచాయతీ ప్రతినిధులు వుండాలని వన్యప్రాణి చట్టమే చెబుతున్నది. అభయారణ్యానికీ దీనికీ వున్న ఈ తేడాను మన అధికారులు ఎక్కడా వివరించినట్టు కనబడదు.

ఇంకా పాతది తమిళనాడులోని వేడంతాంగల్. అదీ సాగు చెరువే. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలానికి ఎరువని గుర్తించిన అక్కడి రైతులు, తుపాకీ వేటగాళ్లను ఆపాలని దొరల దగ్గరకు వెళ్ళి 1798లోనే కౌలు పత్రం రాయించుకున్నారు. పక్షుల సంఘాలు పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందు మాట. వారిని నడిపించింది జాలి కాదు, గట్టి లెక్క.

కోళ్లవారి అనుమానం

2025 ఆరంభంలో బర్డ్‌ఫ్లూ మన ఉమ్మడి నల్లగొండ జిల్లా కోళ్ల ఫారాల దాకా రావడంతో వలస పక్షులపై అనుమానం పెరిగింది. అడవి బాతులు ఆ జబ్బును మోయగలవన్నది నిజమే. ఫారం నుంచి ఫారానికి అది మనుషుల చెప్పులతో, బండ్ల చక్రాలతో, గుడ్ల ట్రేలతో కూడా పాకుతుంది. చెరువు దగ్గర ఒకటి రెండు కాదు, ఒకేసారి చాలా పక్షులు చచ్చి కనబడితే చేత్తో ముట్టకుండా పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి. పెరటి కోళ్లను ఆ నీళ్లకు వదలరాదు. పక్షుల లెక్కకు వచ్చేవారు ఈ విషయంలో ఊరికి పనికివస్తారు, ఎందుకంటే అంత శ్రద్ధగా చెరువును పొద్దున్నే చూసే జీతగాడు ఏ శాఖలోనూ లేడు. వెనుక ఆ పని నీరటికాడు చేసేవాడు.

పుస్తకంలో వుందా లేదా

వచ్చిన బృందాలు తమ లెక్కలను కంప్యూటరుకెక్కించి దేశదేశాలకు పంపుతున్నాయి. ఆ చెరువు వున్న పంచాయతీకి మాత్రం ఒక కాగితం ఇవ్వడం లేదు. ఏ పక్షులు, ఎన్ని, పోయిన ఏటితో పోలిస్తే ఎలా వున్నాయి అని తెలుగులో ఒక పేజీ రాసి కార్యదర్శికి ఇచ్చి పోవడం వారికి అయిదు నిమిషాల పని. బడి పిల్లలను ఇద్దరు ముగ్గురిని వెంట పెట్టుకుంటే వచ్చే ఏడు వారే లెక్క కడతారు.

ఆ కాగితం పెట్టడానికి చోటు కూడా చట్టంలో వుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ, ఆ కమిటీ చేతిలో ఊళ్లోని చెట్లూ చేమలూ జంతువులూ పక్షుల వివరాలతో ఒక రిజిస్టరు వుండాలి. ఇదే చట్టం కింద 2016లో పటాన్‌చెరు దగ్గరి అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అన్ని రాష్ట్రాలూ 2020 జనవరి ఆఖరుకు రిజిస్టర్లు పూర్తి చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. శిఖం తవ్వకానికి, చెట్ల వేలానికి, చేపల లీజుకు కాగితాలు కదిలేటప్పుడు ఆ రిజిస్టరులో చెరువు గురించి ఏం రాశారో అడిగే హక్కు గ్రామస్థులకు వుంది. మీ ఊరి కమిటీలో సభ్యులెవరు, రిజిస్టరు ఏ బీరువాలో వుంది, అందులో చెరువు పేజీ నింపారా, ఖాళీగా వదిలారా అన్నది రాబోయే గ్రామసభలోనే కార్యదర్శిని అడగవచ్చు.